ఇంజను పక్క సీటు

ఎనభైల్లో, పెళ్ళయిన కొత్తలో, నేను ఒంగోల్లో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ బస్సులో పల్లెటూరి బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. మా ఆయనకి దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు.

ఆ రూట్లో నడిచేవన్నీ పాత బస్సులే. ఆడవాళ్ళ సీట్లు ముందు, ఇంజనును ఆనుకుని ఉండేవి. ఇంజను మీది మూత సరిగ్గా పడక, సందుల్లోంచి డీజిలు పొగ మొహాన కొట్టేది.

చలికాలంలో దగ్గు పట్టుకుంది. ఇంటావిడ పూజారిగారి భార్య. మొదట్లో మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఎంతకీ తగ్గకపోయేసరికి కషాయం మానేసి, నా గ్లాసు విడిగా పెట్టింది. మనవరాల్ని నా గది వైపు రానిచ్చేది కాదు. క్షయ అనే మాట ఎవరూ పైకి అనలేదు. నేను దగ్గితే మాత్రం వసారాలో మాటలు ఆగిపోయేవి.

డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి క్షయ లేదన్నారు. సుద్దపొడి, కల్లాల్లో మిరపకాయల ఘాటు, అన్నీ అడిగారు. బస్సు సంగతి నేనే చెప్పాను. ఆ పొగలో కంటికి కనపడని మసి ఊపిరితిత్తుల్లోకి దిగి గొట్టాలు వాచేలా చేస్తుందని, ముందు ఆ సీటు మానమని చెప్పారు.

ఎక్స్‌రే తెచ్చి ఇంటావిడకి చూపించాను. వెలుగుకు పట్టి చూసింది.

"ఇది నీదేనా అమ్మా?" అంది.

మర్నాటి నుంచి వెనక కిటికీ పక్కన కూర్చున్నాను. చుట్టూ మగవాళ్ళే. దగ్గు మెల్లగా తగ్గుముఖం పట్టింది. ఈలోగా నేనెక్కడ కూర్చుంటున్నానో ఇంటావిడ చెవిన పడింది. అప్పట్నించీ నేనొచ్చే వేళకి గుమ్మంలో నిలబడి, నా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూసేది.

ఒక ఆదివారం మా ఆయన రాగానే ఆవిడ పక్కకు పిలిచి ఏదో చెప్పింది. ఆయన లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నారు. ఏం చెప్పిందని నేనే అడిగాను.

"నువ్వు మగాళ్ళ మధ్య కూర్చుంటున్నావంట."

పొగ గురించి, డాక్టరుగారి మాట గురించి చెప్పాను. నమ్మారో లేదో మొహం చూస్తే తెలియలేదు. సోమవారం సెలవు పెట్టి నాతో బస్సెక్కారు. పొగ చూడ్డానికి వచ్చారో, నన్ను చూడ్డానికి వచ్చారో నాకు అర్థం కాలేదు. నేను వెనక్కి వెళ్ళాను. ఆయన డ్రైవరు పక్కన, ఇంజను దగ్గరే నిలబడ్డారు.

బడి దగ్గర దిగేసరికి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. దగ్గి, జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని, దానికంటిన నలుపు కాసేపు చూశారు.

"రేపు కూడా వెనకే కూర్చో" అన్నారు.

వేసవికి వేరే ఇల్లు చూసుకున్నాం. మేమింకా సామాను బండికెక్కిస్తుండగానే ఇంటావిడ ఆ గదికి సున్నం వేయించడం మొదలుపెట్టింది. దగ్గు పోయింది కానీ, చలికాలం వస్తే ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు ఊపిరిలో పిల్లికూతలు వస్తాయి.