రెండంగుళాల వాలు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ తూకం మేస్త్రి. దారానికి వేలాడే ఇనప గుండు తాపీ పనివాళ్ళందరి దగ్గరా ఉంటుంది, గోడ నిటారుగా లేస్తోందో లేదో దానితోనే చూస్తారు. ఈయన మాత్రం నాలుగు వరసలకోసారి ఆ గుండు వదిలేవాడు. గింజంత తేడా కనబడిందా, కట్టిందంతా పీకేసేవాడు. "ఇలా అయితే నా ఇంట్లోకి నా మనవలు దిగుతారయ్యా, నేను కాదు" అని ఇంటివాళ్ళు మొత్తుకునేవారు. "వంకర గోడ కావాలంటే వేరేవాణ్ణి చూసుకోండి" అని తాపీ కడుక్కుని వచ్చేసేవాడు. అంత పొగరు! అది తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. తండ్రి కూడా మేస్త్రే, పని నేర్పిందీ ఆయనే. చూపు పోయి ఆరేళ్ళయినా పెద్ద మేస్త్రి అనే పిలుపు మాత్రం పోలేదు.

ఇంతమందికి ఇళ్ళు కట్టిన మనిషికి సొంత ఇంటి గోడని ముట్టుకునే హక్కు లేదు. నమ్ముతారా?

ఇల్లు తండ్రి కట్టిందే. వీధి అంచునే గోడ లేపాడు, అప్పట్లో అందరూ అంతే. తర్వాత పురపాలక సంఘం వాళ్ళు రూలు పెట్టారు. కొత్తగా ఏది కట్టినా వీధి వైపు పది అడుగులు, వెనక మూడు అడుగులు ఖాళీగా వదలాలట. మేస్త్రి స్థలం లోతు పద్నాలుగు అడుగులు. పది, మూడు తీసేస్తే ఇక లెక్కెందుకు? మిగిలే ఒక్క అడుగులో ముసలి తండ్రీ, పెళ్ళామూ, తనూ వరసగా నిలబడి బతకాలి.

పాత ఇళ్ళ జోలికి రామన్నారు, అదొక్కటే ఊరట. కొలతలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. వీధి ఆయనకి టేపు బాబు అని పేరు పెట్టేసింది. పునాది కింద కాలవ నీళ్ళు చేరి ముందు గోడ అప్పటికే వీధి వైపు ఒరిగింది. కాలవ వల్లేనని మేస్త్రి చెబితే విని, "రెండంగుళాల వాలు" అని ఫైల్లో రాసుకుని, ఆయన చెప్పాల్సింది చెప్పాడు. "అతుకులు వేసుకో, సున్నం కొట్టుకో, ఎవరూ అడగరు. గోడ తీసి గోడ కట్టావా, అది కొత్త కట్టడం. వెనక్కి జరగాల్సిందే."

కాలవైతే బాగుచేశారు గానీ గోడ మాత్రం రోజురోజుకీ పొడి రాలుతూనే ఉంది. తండ్రి మంచం ఆ గోడ పక్కనే, ఇంట్లో ఇంకోచోట పట్టదు. పడితే ముందు ఆయన మీదే పడుతుంది. ముట్టుకుంటే ఇల్లు పోతుంది, వదిలేస్తే మనిషి పోతాడు. మేస్త్రి కక్కలేక మింగలేక ఆరు నెలలు తిరిగి, చివరికి ఒక ఉపాయం పట్టాడు. ఆదివారానికి నాలుగు ఇటుకలు. పాడైన ఇటుక తీసి, ఎక్కడో కూలిన ఇంటి నుంచి తెచ్చిన పాత ఇటుక పెట్టడం, పైన సున్నం కొట్టడం. అడిగితే అతుకు! నిజానికి ప్రతిదీ అతుకే కదా. రెండేళ్ళు తిరిగేసరికి గోడంతా మారిపోయింది, ఎవరికీ తెలియలేదు.

అప్పుడే పక్క మేడాయన మూడో అంతస్తు కోసం అర్జీ పెట్టాడు. పక్కన ఖాళీ వదల్లేదని ఆఫీసు కొట్టేసింది. ఆయనకి ఒళ్ళు మండిపోయి, మేడ మీంచి చూసిన ఆదివారాల పని పట్టుకుని, మేస్త్రి గుట్టుగా కొత్త గోడ కట్టాడని ఫిర్యాదు రాసి పడేశాడు. ఐదు రోజుల్లో తనిఖీ అని నోటీసు వచ్చింది.

"రానీ. ఇటుకలు పాతవి, సున్నం పాతది. ఏం కనిపెడతాడు?" అన్నాడు మేస్త్రి భార్యతో.

తండ్రి మంచం మీద నుంచి చెయ్యి చాచి గోడని కింది నుంచి పైదాకా తడిమాడు. "ఒరేయ్, దీని వాలు ఏదిరా?"

మేస్త్రి గుండు తెచ్చి వదిలాడు. దారం గోడని ఎక్కడా తాకలేదు, ఎక్కడా దూరం జరగలేదు. రెండేళ్ళూ నాలుగేసి ఇటుకలు పెడుతూ, తనకి తెలియకుండానే గోడని నిటారు చేసేశాడు. వాలిన గోడ తనంతట తాను లేచి నిలబడదు. కొంప మునిగింది!

"వంచెయ్" అంది భార్య.

"ఏమిటీ?"

"ఎన్ని వంకర గోడలు పీకావు! కట్టడం ఎలాగో తెలియదా? వంచెయ్యవయ్యా!"

సున్నం వేస్తున్నామని చెప్పి ముందు వైపు గోనెపట్టాలు కట్టారు. కింది నుంచి తీయడానికి రోజులు చాలవు కాబట్టి నడుం ఎత్తు నుంచి పైకి, బయటి వైపు ఇటుకలు మాత్రం ఊడదీశాడు. కానీ చెయ్యి మాట వింటేనా! ఇటుకని అర వేలు బయటికి పెట్టడం, తాపీ పిడితో చెయ్యి దానంతట అదే లోపలికి తట్టడం. మొదటి రోజంతా కట్టింది మళ్ళీ నిటారే. మేస్త్రికి ఏడుపొచ్చింది. రెండో రోజు తాపీ ఎడమ చేతికి మార్చుకున్నాడు. భార్య పక్కన నిలబడి "ఇంకా, ఇంకా" అంటూ ఉంటే పెట్టుకుంటూ పోయాడు. పూర్తయ్యాక తలెత్తి చూడలేకపోయాడు. నలభై ఏళ్ళలో అంత దరిద్రంగా ఎప్పుడూ కట్టలేదు.

తనిఖీ రోజున తండ్రిని వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చుట్టూ జనం. పక్క మేడాయన పైనుంచి తొంగిచూస్తున్నాడు. టేపు బాబు గుండు వదిలి కొలిచాడు. "రెండంగుళాలు. ఫైల్లో ఉన్నదే."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అంతలో టేపు బాబు వంగి, గోడ కింది భాగాన్ని చేత్తో తడిమాడు.

"కాలవ నీళ్ళకి ఒరిగితే అడుగు నుంచి ఒరగాలి కదా? ఇదేంటి, నడుం దాకా నిటారుగా ఉంది? పై భాగం ఎవరు కట్టారు?"

భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే బాబూ" అన్నాడు ముసలాయన. గొంతు పెంచి, వీధంతా వినేలా అన్నాడు. "కాలవ అన్నది మావాడి మాట. నా పరువు కాపాడ్డానికి అలా చెప్తాడు. కింద బాగానే కట్టాను, పైకొచ్చేసరికి తూకం తప్పింది. గుండు వెయ్యలేదు. నాకు పని రాదు బాబూ."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడున్న కుర్ర మేస్త్రీలు తలలు దించుకున్నారు.

టేపు బాబు రాసుకుంటూ పైకి చదివాడు. "గోడ పాతదే. వాలుకి కారణం, కట్టినవాడి చేతకానితనం. ఇక్కడ వేలిముద్ర వెయ్యి పెద్దాయనా."

ముసలాయనకి కాయితం ఎక్కడుందో కనబడదు. మేస్త్రే తండ్రి బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, ఆ మాట కింద నొక్కాడు.

జనం పోయాక తండ్రి అడిగాడు. "ఇల్లు ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే నాన్నా. గోడ మాత్రం ఇక ఎప్పటికీ ఇలాగే ఉండాలి. సరిచేశానంటే పట్టుకుంటారు."

"సర్లే" అన్నాడు ముసలాయన. "కుర్చీ లోపల వెయ్యరా. ఇక వీధిలో వద్దు" అన్నాడు.