చెల్లెలి శనివారాలు

మా చెల్లెల్ని మొదట 'గుండు' అన్నది దాని అక్కనైన నేనే. తమిళంలో లావు అని అర్థం. పుదుచ్చేరిలో మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఎగతాళికి ఎప్పుడూ తమిళమే ముందొచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తట్టాంచావడి వర్క్‌షాపులో పని దిగి వస్తూ ఓ సినిమా వారపత్రిక కొన్నాను. అట్టమీది నటిని చూపించి, "చూడే గుండూ, నడుమంటే ఇది!" అన్నాను. మర్నాటికి ఆ బొమ్మ బీరువా తలుపు లోపల అతికించి ఉంది. చెల్లెలికప్పుడు పదిహేడేళ్ళు. ఆ తర్వాత టీవీలో పాట వస్తే పాట వినేది కాదు, నడుములు చూసేది.

తమిళుల పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాలు పెరుమాళ్ళకని ఒక్కపొద్దుంటాం. చెల్లెలు శనివారం పట్టింది, తర్వాత శుక్రవారం, మంగళవారం కూడా. అమ్మ మురిసిపోయింది. "నా బిడ్డకుండే బక్తి ఈ వీదిలో యాడుంది?" అని పక్కింటి అత్తతో ఒకటే గొప్పలు. దేవుడి పేరు చెబితే మా ఇంట్లో ఎవరూ తినమని బలవంతపెట్టరు. అది దానికి బాగా తెలుసు.

చివరి శనివారం ఇల్లిల్లూ తిరిగి గోవిందా అని పిలిచి తెచ్చిన బియ్యంతో పొంగలి వండుతాం. మొదటి ముద్ద ఒక్కపొద్దున్నవాళ్ళకే. అమ్మ పెట్టిన ముద్ద కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, చెల్లెలు దొడ్లోకి పోయింది. వెనకే వెళ్ళాను. గోడ పక్కన ఉమ్మేసి కాలితో మన్ను కప్పుతోంది.

"ఏందే ఇది? దేముడి సోరు, పెసాదం!"

"అమ్మకి చెప్పొద్దక్కా. గుండు అనింది నువ్వే గదా?"

చెప్పలేదు. చెబితే నా మాట కూడా బయటికొస్తుందని భయం. ఛీ, ఏం బతుకు నాది!

నెల ముగిసినా ఒక్కపొద్దులు ముగియలేదు. వానల్లో చెల్లెలు స్నానాలగదిలో పడిపోయింది. ఎన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదని ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "ఒక్కపొద్దుల పిల్ల డాక్టరయ్యా" అని అమ్మే జవాబు చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. మూడో రోజు చెల్లెలు పోయింది.

ఇప్పుడు ఆ శనివారాలు నేనుంటున్నాను. "బక్తికి మెచ్చి పెరుమాళ్ళే పిలుచుకున్న్యాడు దాన్ని" అంటూ అమ్మ మొదటి ముద్ద నా చేతిలో పెడుతుంది.

ఔనమ్మా అని మింగుతాను.