రెండు గంటల దూరం

మొన్న మా మనవరాలు ఏదో పరీక్షకు ఢిల్లీ వెళ్లాల్సి వచ్చి, ఫోనులో చూసుకుంటూ, హైదరాబాదు నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటేగాని విమానంలో రెండు గంటలేనని తేలిగ్గా చెప్పి లోపలికి పోయింది. నేను మాత్రం బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ రెండు గంటలను నమ్ముకుని డెబ్బైల్లో ఒక ఎండాకాలం మా గోదావరిఖని లైను క్వార్టర్లన్నీ వాకిట్లో నిలబడి ఎదురుచూశాయి.

అప్పటికి నేను నలుగురిలో నోరు విప్పలేక, దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ, చెప్పలేనివి డైరీలో రాసుకునే పిల్లను. అక్క ఢిల్లీలో నర్సు. బొగ్గుగనిని మేమంతా బాయి అనే అనేవాళ్లం. మా బాపు ఆ బాయిలో ఏళ్ల తరబడి బొగ్గు నింపి, ఛాతీ చెడి దవాఖానలో చేరాడు. పోయేముందు ఆయన కోరింది ఒక్కటే.

"పెద్దబిడ్డ వచ్చేదాక నా మీద మట్టెయ్యకుండ్రి."

ఆ సాయంత్రమే పోయాడు. ఆఫీసు ఫోను నుంచి ఢిల్లీకి కబురు వెళ్లింది, పొద్దున్నే విమానం ఎక్కుతున్నానని అక్క దగ్గర్నుంచి జవాబొచ్చింది, విమానానికి రెండు గంటలేనని గుమాస్తా ఒకాయన చెప్పాడు. ఆకాశంలో తప్ప విమానాన్ని ఎరగని వాళ్లం, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుందనుకున్నాం. పాస్టరుగారు భూస్థాపన పొద్దు వాలకముందేనని నిర్ణయించారు.

మా దగ్గర మనిషి పోతే అతని షిఫ్టువాళ్లే గుంత తవ్వేవాళ్లు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాళ్లు కాదు. నైట్ డ్యూటీ దిగినవాళ్లు ఇంటికైనా పోకుండా అట్నుంచటే పారలు పట్టుకుని పోయారు. బిడ్డ గాలిమోటరు దిగుతుందంటే ముసలాయన చూడటానికి లేచి కూసుంటడని వాళ్లు నవ్వుతూ ఏడ్చారట.

మధ్యాహ్నం దాటింది. తలుపులకు తడి గోనెసంచులు కట్టి, ఇంట్లో బాపు పక్కన కూర్చుని అమ్మ విసనకర్ర ఆపకుండా విసురుతూనే ఉంది. ఏ జీపు చప్పుడైనా అందరూ లేచి నిలబడేవారు. పొద్దు వాలింది. ఇక ఉంచలేమని పాస్టరుగారు మెల్లగా అన్నప్పుడు, బాపుతో జోడీగా పనిచేసిన పక్కింటి కాక నా దగ్గరికొచ్చాడు.

"కేజు దిగుడే లెక్కవెట్టినం బిడ్డా. దిగినంక లోపలి నడక మరిచినం."

బాయిలోకి దించే ఇనుప కేజు నిమిషంలో దించేస్తుంది, అక్కడినుంచి బొగ్గు తవ్వే చోటికి ఎంతసేపో చీకట్లో నడవాలి; రోజూ ఆ నడక నడిచినవాళ్లే దాన్ని మరిచిపోయారు. ఢిల్లీ రైలైతే ఒక పగలూ రాత్రీ పట్టినా మా పక్కనున్న రామగుండంలోనే దించేది. విమానం మా నెత్తిమీదుగా దాటిపోయి అక్కను హైదరాబాదులో దించింది, అక్కడ రైలు తప్పిపోయి, ఆమె బస్సులు మారుతూ పోయిన దారినే వెనక్కి రావలసివచ్చింది.

పెట్టెకు మేకులు కొట్టారు, గుంతలోకి దించారు. పారలు లేవబోతుంటే కాక అడ్డం నిలబడ్డాడు. దించుడు దించినం గని మట్టి మాత్రం ఎయ్యొద్దన్నాడు. గుంతమీద పలకలు పరిచి, డ్యూటీకి పోయేవాళ్లు పోగా మిగిలినవాళ్లు తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నారు. పొద్దున అక్క నలిగిన తెల్లచీరతో నేరుగా సమాధుల తోటకే వచ్చింది. పలకలు తీశారు. పెట్టె మూతనే చూస్తూ, బాపు మొఖం ఎట్లుండెనని నన్నడిగింది. ఆమె పిడికెడు మట్టి వేశాకే వాళ్లు గుంత పూడ్చి, అటునుంచే మొదటి షిఫ్టుకు పోయారు.

నిరుడు అక్క హైదరాబాదులో పోయింది. ఐసుపెట్టెలో మూడు రోజులు ఉంచారు, దూరాల వాళ్లంతా విమానాల్లో వచ్చి తీరిగ్గా చూసుకున్నారు, రాలేనివాళ్లకు ఫోనులో చూపించారు. ఏ లోటూ జరగలేదు. రాత్రుళ్లు హాల్లో పెట్టె ఒక్కటే సన్నగా మోగుతుండేది. ఎవరూ పక్కన కూర్చోవలసిన పని లేకపోయింది. గుంత తవ్వడానికి ఎవరో ఇద్దరు కూలీలను మాట్లాడారు, పాపం వాళ్లు శ్రద్ధగానే తవ్వారు. పోయింది ఆడమనిషా మగమనిషా అని మాత్రం, పని అయ్యాక నన్నే అడిగారు.