అత్తగారి గదిలో హీటరు

1983 నవంబరులో అనంతలక్ష్మిగారు అమెరికాలో, రెడ్‌మండ్‌లోని కొడుకు ఇంటికి వచ్చారు. మూడో వారానికల్లా ఆవిడ గదిలోని గోడ హీటరు మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటిదాకా చక్కగా వేడిగాలి కొట్టి, ఆ తరవాత ఉన్నట్టుండి చల్లబడిపోయింది.

ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఏడేళ్ల మనవరాలు మీనా. "మమ్మీ, బామ్మ రెండు స్వెటర్ వేసుకుంది. రూమ్ చాలా కోల్డ్ ఉంది."

కొడుకు శ్రీధర్ రోడ్ల ఇంజనీరు. వంతెనల లెక్కలు అలవోకగా వేసేస్తాడు గాని, ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్య వంకే చూస్తాడు. భార్య రాధారాణిది తెనాలి. వాళ్ల నాన్నకు అక్కడ రేడియోలు బాగుచేసే కొట్టుండేది. పెళ్లయ్యేదాకా ఆమె సాయంత్రాలన్నీ ఆ కొట్లోనే గడిచాయి. అమెరికా వచ్చిన నాలుగేళ్లకు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగానికి వెళ్లింది. అక్కడి సూపర్‌వైజరు ఆమె వేసిన టంకం అతుకులు భూతద్దంలో చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. "మా నాన్న దగ్గర" అంది. ఆ మాట అన్నాక, ఈ దేశంలో తనను గురించి తాను మొదటిసారి చెప్పుకున్నట్టనిపించింది ఆమెకు.

ఇవేవీ అత్తగారికి తెలియవు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో అత్తాకోడళ్లు ఒకచోట గడిపిన రోజులన్నీ కలిపినా నెల దాటవు. ఆవిడ దేనికీ వంక పెట్టరు, ఏదీ కావాలనరు. చలిగా ఉందా అంటే లేదు, ఇంకాస్త అన్నం వడ్డించనా అంటే వద్దు. ఆ ముక్తసరి జవాబుల దగ్గర రాధారాణికి మాట ఆగిపోయేది. తనంటే ఇష్టం లేదేమోనని లోపల్లోపల అనుకునేది.

రాధారాణి గరాజ్‌లో ఆ గదికి కరెంటిచ్చే బ్రేకరు చూసింది, బాగానే ఉంది. వేడి ఎంత కావాలో పెట్టుకునే థర్మోస్టాట్ తిప్పితే టక్కుమంటోంది గాని వేడి లేదు. "థర్మోస్టాట్ పోయుంటుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దాం" అన్నాడు శ్రీధర్. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త థర్మోస్టాట్ బిగించి, హీటరు ముందున్న జాలీ కింది ఎర్ర బొత్తాం నొక్కాడు. హీటరు బుస్సుమని లేచింది. రెండు రోజులు పనిచేసి, మూడోనాడు మళ్లీ ఆగిపోయింది.

రాధారాణి తనే వెళ్లి ఆ బొత్తాం నొక్కింది. హీటరు వెలిగింది. ఆమె మంచం మీద కూర్చుని ఆలోచించింది. లోపల వేడి మరీ ఎక్కువైతే ఇల్లు అంటుకోకుండా హీటరును ఆపేసేది ఆ బొత్తామే. అది తన పని తాను చేస్తోంది. మరి వేడి బయటికి రాకుండా ఎక్కడ ఆగుతోంది?

శనివారం బ్రేకరు ఆపేసి, కాసేపు చల్లారనిచ్చి, మరలు విప్పి జాలీ తీసింది. లోపల ఏళ్లనాటి దుమ్ము. వాక్యూమ్‌తో అంతా లాగేసింది. ఇదే కారణమనుకుంటూ జాలీ తుడవబోయి ఆగింది. దాని రెక్కల మధ్య నాలుగైదు నూలుపోగులు చిక్కుకుని ఉన్నాయి. వాటికి దుమ్ము పట్టలేదు. వేలితో తీసి చూస్తే లేత పసుపు రంగు.

జాలీ బిగించి హీటరు వేసింది.

ఆదివారం పొద్దున్న స్నానాలగదిలో అత్తగారి నీళ్ల చప్పుడు ఆగాక, కాసేపు చూసి ఆవిడ గది తలుపు తట్టింది. అనంతలక్ష్మిగారు తలుపు సగమే తెరిచి, దానికి అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ భుజం మీదుగా కనిపించింది: హీటరుకు ఆనించిన కుర్చీ, దాని మీద పిండి ఆరేసిన లేత పసుపు నూలుచీర, వేడికి గోధుమరంగుకు తిరిగిన అంచు.

"అత్తయ్యగారూ, అంత దగ్గరగా ఆరేస్తే గాలి ఆడదండీ. చీర అంటుకుంటుంది కూడా" అంది మెల్లిగా, లోపలికి వెళ్లి కుర్చీ వెనక్కి లాగుతూ.

ఆవిడ ముఖం పాలిపోయింది. "నావల్లే పాడైందా అమ్మా? ఆ మనిషిని పిలిపించిన రోజే చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

"డ్రయ్యర్ ఉందిగా అత్తయ్యగారూ!"

"అందరి బట్టలూ తిరిగేదాంట్లో మడిచీర ఎలా వేసేది? ఆ మాటంటే చాదస్తం అనుకుంటావని ఊరుకున్నాను. చీకట్లో లేస్తావు, వండుతావు, పిల్లను బడికి పంపుతావు, ఉద్యోగానికి పరిగెడతావు. నా తడిచీర కూడా నీ నెత్తిన వేయనా?"

రాధారాణి ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. ఇన్నాళ్ల ఆ "వద్దు", "లేదు"లన్నీ ఇందుకా!

"చెయ్యేమన్నా కాలిందా?"

"లేదు."

"అత్తయ్యగారూ..."

ఆవిడ చిన్నపిల్లలా చూపుడువేలు చాపారు. మూడు రోజులనాటి బొబ్బ, అప్పటికే ఎండిపోయింది. చెయ్యాల్సిందేమీ లేకపోయినా రాధారాణి ఆ చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆవిడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే ఎవరూ వాడని రెండో స్నానాలగదిలో నైలాన్ తాడు కట్టింది. గుమ్మం బయట ఫ్యాను పెట్టింది. "ఈ తాడు మీ ఒక్కరిదే. ఎవ్వరం ముట్టుకోం" అంది. చీర సాయంత్రంలోగా ఆరిపోయింది. హీటరు మళ్లీ ఆగలేదు.

కాని అనంతలక్ష్మిగారికి ఆ బొత్తాం సంగతి తేలాల్సిందే. "ఏదీ, ఎక్కడుందో చూపించు. వేడెక్కిందని దానికెలా తెలుస్తుంది?" అని పీట వేసుకుని కూర్చున్నారు. రాధారాణి చెప్పసాగింది. మాటల్లో నాన్న కొట్టు వచ్చింది, రేడియోలు వచ్చాయి, ఉద్యోగంలో సూపర్‌వైజరు భూతద్దం వచ్చింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారావిడ. "మీరు అడగలేదు కదా" అంది కోడలు. ఇద్దరూ నవ్వేశారు.

జనవరిలో, నాలుగు వీధుల అవతల ఉండే స్నేహితురాలు ఉష ఫోన్ చేసింది. వాళ్ల హాల్లో హీటరు కాలిన వాసన వేస్తోందట. రాధారాణి పనిముట్ల సంచీ సర్దుకుంటుంటే అనంతలక్ష్మిగారు కోటు తొడుక్కుని టార్చిలైటుతో గుమ్మంలో నిలబడ్డారు.

అక్కడ ఉష భర్త కృష్ణమోహన్ హడావుడిగా జాలీ మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు నాయనా!" అన్నారావిడ. "ముందు బ్రేకరు ఆపిరా. తరవాత మా అమ్మాయి చూస్తుంది."

రాధారాణి మోకాళ్ల మీద కూర్చుని మొదటి మర విప్పింది. ఆవిడ పక్కనే వంగి, వెలుగు సరిగ్గా ఆమె చేతుల మీద పడేలా టార్చి పట్టుకున్నారు.