నిమ్మకాయల తీగ

జఫర్‌గఢ్ దాటగానే మా మరిది పాత పికప్ బండి ఆవిరి కక్కుతూ, కింద నీళ్లు కారుస్తూ ఆగిపోయింది. వెనక మిర్చి నారు కట్టలు ఎండకు వాడిపోతున్నాయి. పొద్దుగూకేలోపు నాటకపోతే అవి దక్కవు.

మరిది రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు తమ్మి, మొఖం కాలుతది. జర సల్లారనియ్యి" అన్నాడు బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషి.

చల్లారాక ఆయన తన రుమాలుతో పైపులన్నీ పొడిగా తుడిచాడు.

"గిదేంది అన్న, కారేటిదాన్ని తుడుస్తున్నవ్?" అన్నాను.

"అంతట తడి ఉంటే యాడ కారుతుందో ఎట్ల తెలుస్తదక్కా?"

నీళ్లు పోయించి, బండి స్టార్ట్ చేయించాడు. ముగ్గురం వంగి చూస్తున్నాం. కింది రబ్బరు పైపు చివర ఒక్క బొట్టు మెల్లగా ఊరింది. దాన్ని ఆనుకునే ఇనుప తీగ ఉంది. దిష్టి తగలొద్దని మరిది ఆ తీగకు నిమ్మకాయలు గుచ్చి పైపుకే కట్టాడు. గుంతల్లో తీగ ఒరుసుకుని పైపుకు చీలిక పడింది.

"ఊరోళ్ల దిష్టి తగల్లేదు తమ్మి, నీ నిమ్మకాయలే తగిలినయ్."

బండి ఆపించి, మళ్లీ చల్లారాక చీలిన కొస కోసేసి, పైపును మళ్లీ ఎక్కించాడు. తుప్పుపట్టిన పాత క్లిప్పు విరిగితే, ఆ తీగతోనే బిగించి కట్టాడు. మళ్లీ నీళ్లు పోశాం. బొట్టు రాలేదు. ఇంతలో బస్సొస్తే, తడి రుమాలు పిండుకుంటూ ఎక్కేశాడు. ఆయన పేరైనా మేం అడగలేదు.

నారు ఆ సాయంత్రమే నాటాం.

ఇప్పటికీ ఇంట్లో కుండ కారినా, కప్పు కురిసినా, ముందు పొడిగా తుడిచి, ఆ మొదటి బొట్టు కోసం వంగి చూస్తాను.