బేళ్ల కింద మూలుగు

నరసరావుపేటలో నేను ఫోర్క్‌లిఫ్ట్ మెకానిక్‌ని. మొన్న వేసవిలో చిలకలూరిపేట పత్తి మిల్లు నుంచి పిలుపొచ్చింది. భోజనాల వేళ, మిల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"అన్నా, లివర్ పూర్తిగా నెట్టినా ఫోర్కులు చానా నిదానంగా దిగుతున్నాయి," అంటూ డ్రైవర్ బాజీ ఫోర్కుల మీదున్న పత్తి బేళ్లను దించి చూపిస్తున్నాడు. బ్యాటరీ బండి, చప్పుడు లేదు. దించే వాల్వు దగ్గర చెవి పెడితే సన్నటి మూలుగు వినిపించింది. ఆయిల్ శబ్దమేలే అనుకున్నాను. మళ్లీ చెవి పెట్టాను. ఈసారి అది "అమ్మా" అంది.

"ఆపు బాజీ!" అని అరిచి వంగి చూశాను. బేళ్ల కింద నీడలో, జ్వరంతో ఒళ్లు తెలియక పడుకుని ఉంది మిల్లు కూలీ మరియమ్మక్క. ఆమె మొహానికీ బేళ్లకీ మధ్య జానెడే ఉంది. ఇద్దరం బయటికి లాగాం.

వాల్వు విప్పితే ఆయిల్ దారిలో చిరిగిన ఫిల్టర్ ముక్క అడ్డుపడి ఉంది. తీసేశాక ఫోర్కులు సర్రున దిగాయి. ఇందాకే ఇంత వేగంగా దిగుంటే అనుకుంటూ, ఇద్దరం మరియమ్మక్క పడుకున్న చోటు వైపు చూశాం.