రువైస్ రేవులో ఉత్తుత్తి ప్రయాణికుడు

తిరుమల్‌కు మనుషులను అనుకరించే విద్య రాకపోయి ఉంటే, ఇవాళ కూడా అల్ ఖోర్ రోడ్డు మీద హాయిగా బస్సు నడుపుకుంటూ ఉండేవాడు. అతని గురించి ఏం చెప్పాలన్నా ముందు ఈ మాటే చెప్పుకోవాలి.

మెట్‌పల్లి దగ్గరి పల్లె అతనిది. ఖతార్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఊళ్ళోవాళ్ళ లెక్కలో మాత్రం దుబాయ్‌లో ఉన్నాడు. కాదని చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాడు. పని ఒక్కటే, క్యాంపు నుంచి సైటుకూ సైటు నుంచి క్యాంపుకూ కూలీలను చేర్చడం. పొద్దున నిద్రతో తూగుతూ, సాయంత్రం అలసటతో తూగుతూ వెళ్ళే ఆ జనంలో డ్రైవరు ముఖం చూసినవాడు ఎవడైనా ఉన్నాడంటే నమ్మకం లేదు. కానీ శుక్రవారం సెలవు పూట తిరుమల్ లేచి నిలబడితే క్యాంపు అంతా చుట్టూ చేరేది. ఫోర్‌మాన్ తిట్టినట్టు తిట్టేవాడు, క్యాంప్ బాస్ నడిచినట్టు నడిచేవాడు. నవ్వలేక కడుపు పట్టుకునేవాళ్ళు.

ఆ సైటు పని అయిపోయింది. కంపెనీ డ్రైవర్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపడం మొదలుపెట్టింది. మిగిలిన ఆశల్లా ఒక ఓడ. ఉత్తరాన రువైస్ అనే చిన్న రేవు ఊరుంది. చేపల పడవలూ సరుకు పడవలూ తప్ప వేరే సందడి ఎరగదు. ఆ చలికాలం అక్కడికి తొలిసారి క్రూయిజ్ ఓడ రాబోతోంది. దిగినవాళ్ళను ఊరూ కోటా చూపించి మళ్ళీ ఓడెక్కించే పని తిరుమల్ కంపెనీకి దక్కింది. ఆ బస్సులకు ఎంపికైన డ్రైవర్లు ఉంటారు, మిగతావాళ్ళకు ఖలాస్. తిరుమల్ చిన్న కూతురు నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది. అది గట్టెక్కేదాకా ఉంచితే చాలని అతను తలవని దేవుడు లేడు.

ఓడ రాకకు ఏర్పాట్లన్నీ విశాల్ నెత్తిన పడ్డాయి. కాకినాడ కుర్రాడు, ఇంజనీరు, ఆఫీసులో అందరికంటే చిన్నవాడు. ఏ బస్సు ఎక్కడ ఆగాలి, అరబ్బుల కాఫీ ఖావా ఎవరు అందించాలి, నీడ ఎక్కడ వెయ్యాలి అని రోజూ బుర్ర బద్దలు కొట్టుకునేవాడు. చివరికి ఓడ రాకముందే ఒకసారి అంతా చేసి చూద్దామన్నాడు. ఓడా లేదు, ప్రయాణికులూ లేరు. రేవులో గట్టు మీద సున్నంతో గీత గీసి అదే ఓడ అన్నాడు. క్యాంపులో ఖాళీగా ఉన్న కూలీలను పిలిచి వీళ్ళే ప్రయాణికులన్నాడు.

"తిరుమల్ గారూ, ఓడల్లో వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్ళేనండీ. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని బస్సు ఎలా ఎక్కిస్తామో చూడాలి. మీరు కూర్చోండి."

"నేను బస్సు నడిపేటోణ్ణి సార్. కుర్చీల కూసుంటే నా డ్రైవింగ్ ఎవడు సూస్తడు?"

"డ్రైవర్ల లిస్టులో మీ పేరు ముందే రాశానండీ. ఈ ఒక్కపూటకే."

పేరు రాశానన్నాడు కదా అని తిరుమల్ కూర్చున్నాడు.

గీత దాటగానే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వంగి, చిన్న కప్పులో ఖావా అందించి, "వెల్‌కమ్ టు ఖతార్, సర్" అంది. తిరుమల్ ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాడు. తను ఈ దేశంలో దిగిన రోజు పాస్‌పోర్టు లాక్కుని, "యల్లా యల్లా" అంటూ వ్యానులోకి తోసినవాడు తప్ప ఎదురొచ్చినవాడు లేడు. ఇన్నేళ్ళకు సర్ అనిపించుకున్నాడు, అదీ ఉత్తుత్తిగా. అతనికి సంతోషమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండూ కనపడకుండా వేషంలో దూరిపోయాడు. కింది పెదవి వేలాడేశాడు. కుడిచెయ్యి గజగజ వణికించాడు. ఖావా సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. కూలీలు పడీపడీ నవ్వారు. వాళ్ళు నవ్వేకొద్దీ ఇతను రెచ్చిపోయాడు. బస్సెక్కించేటప్పుడు కాలు కూడా ఈడ్చాడు.

దూరంగా కారులో కూర్చుని ముదీర్ చూస్తున్నాడు. కంపెనీ పెద్ద మేనేజరతను, దోహా నుంచి చెప్పకుండా వచ్చాడు. అతనొక్కడే నవ్వలేదు.

మర్నాడు విశాల్ పిలిచాడు. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ముదీర్ గారు మీ పేరు కొట్టేశారండీ. అదంతా నటనేనని ఎంత చెప్పినా వినలేదు. చేతులట్లా వణకడం నటిస్తే రాదంటున్నారు. ముసలివాళ్ళ బస్సుకు ముసలి డ్రైవరా అని అడిగారు."

"నవ్విపిచ్చెటందుకు జేసిన గద సార్!"

"నాకు తెలుసండీ. తప్పు నాదే. పదండి, మీరే వచ్చి చూపించండి."

ముదీర్ చెడ్డవాడు కాదు. తిరుమల్‌ను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అంచుదాకా నిండిన గ్లాసు చేతికిచ్చి, చెయ్యి చాచి పట్టుకోమని హిందీలో చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు స్టీరింగ్ పట్టిన చెయ్యి అది. ఇసుక తుఫానులో కూడా తొణకలేదు. తిరుమల్ గ్లాసు పట్టుకున్నాడు. కూతురు గుర్తొచ్చింది. వణకొద్దు, వణకొద్దు అని చేతికి లోపల్లోపల చెప్పుకున్నాడు. చెప్పేకొద్దీ దానికి భయం పట్టుకుంది. టీ గాజు బల్ల మీద ఒలికింది.

ముదీర్ తనే కాగితంతో తుడిచాడు. "ఘర్ జావో బాబా, ఆరామ్ కరో," అని ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. తిట్టినవాణ్ణి క్యాంపుకెళ్ళి అనుకరించి నవ్వుకోవచ్చు. ఈ జాలిని ఏం చేసుకోవాలో తిరుమల్‌కు తెలియలేదు.

ఓడ అనుకున్నట్టే వచ్చింది. తిరుమల్ క్యాంపులో పెట్టె సర్దుకుంటుంటే విశాల్ అతని ఫోనుకు వీడియో పంపాడు. అందులో ఒక తెల్ల ముసలాయన చక్రాల కుర్చీలో దిగాడు. ఆ అమ్మాయే ఖావా ఇచ్చింది. చుక్క ఒలకకుండా తాగి కప్పు తిరిగిచ్చాడు. వెనక బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. తిరుమల్ ముసలాయన్ని సరిగ్గా చూడలేదు, బస్సులనే చూశాడు.

ఎయిర్‌పోర్టులో టికెట్ చూసి కౌంటరు అమ్మాయి ఎవరినో పిలిచింది. చక్రాల కుర్చీ వచ్చింది. టికెట్ తీసింది విశాల్. చేతనైన సాయం అదొక్కటే అనుకున్నాడో ఏమో, పెద్ద క్యూల్లో నిలబడే బాధ లేకుండా కుర్చీ కూడా అడిగిపెట్టాడు. చెబితే తిరుమల్ వద్దంటాడని చెప్పలేదు.

"నాకు కాళ్ళున్నయి, నడుస్త," అన్నాడు తిరుమల్. కుర్చీ తోసే నేపాలీ మనిషికి ఆ భాష తెలియదు. "బైఠియే బాబా," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

కుర్చీ కదిలింది. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చుట్టూ చూశాడు. నవ్వడానికి క్యాంపువాళ్ళు ఒక్కరూ లేరు. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అది ఆగలేదు.